ఈఆర్ నెగటివ్ అని వచ్చిన బోన్ మ్యారో బయాప్సీ: తప్పు కణితిదా, యాసిడ్‌దా?

పేషెంట్‌కి 58 ఏళ్లు. తొమ్మిదేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, తర్వాత ఐదేళ్లు హార్మోన్ మాత్రలు వాడారు. అప్పటి కణితి ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్-2 నెగటివ్. ఈఆర్, పీఆర్ అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్ల రిసెప్టర్లు; హెర్-2 కణితి పెరుగుదలకి తోడ్పడే ఒక ప్రొటీన్. ఇప్పుడు కొన్ని వారాలుగా నీరసం, ఆయాసం, నడుం నొప్పి. హిమోగ్లోబిన్ 7.6 గ్రాములు, తెల్లకణాలు 3,900, ప్లేట్‌లెట్లు 58,000. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా పెరిగి ఉంది. రక్తం స్మియర్‌లో న్యూక్లియస్ ఉన్న ఎర్రకణాలు, మైలోసైట్లు (పచ్చి తెల్లకణాలు), అక్కడక్కడ కన్నీటి బొట్టు ఆకారపు ఎర్రకణాలు కనిపించాయి. దీన్నే లూకోఎరిత్రోబ్లాస్టిక్ పిక్చర్ అంటాం. ఎముక మజ్జలోకి ఏదో చొరబడి అక్కడి కణాల్ని బయటికి నెడుతోందని దీని అర్థం. ఆ చొరబడింది పాత క్యాన్సరా, లేక మైలోఫైబ్రోసిస్ లాంటి మజ్జ జబ్బా అన్నది రక్తం చూసి చెప్పలేం.

వేరే చోట బోన్ మ్యారో పరీక్ష చేశారు. ఆస్పిరేషన్‌లో (సూదితో మజ్జని సిరంజిలోకి లాగడం) ఏమీ రాలేదు, దీన్నే డ్రై ట్యాప్ అంటాం. ట్రెఫైన్ బయాప్సీలో (లావు సూదితో ఎముకతో సహా మజ్జ ముక్క తీయడం) ఒక ముక్క దొరికింది. రిపోర్టు సారాంశం: మజ్జలో ఫైబ్రోసిస్ (పీచు పేరుకోవడం), మధ్యలో అసాధారణ కణాల గుంపులు, మెటాస్టాసిస్ (వేరే చోటి క్యాన్సర్ పాకడం) అయ్యుండొచ్చు, సైటోకెరటిన్ (రొమ్ము క్యాన్సర్ లాంటి కార్సినోమాల్లో ఉండే ప్రొటీన్) బలహీనంగా పాజిటివ్, ఈఆర్ నెగటివ్, పీఆర్ నెగటివ్.

ఆంకాలజిస్ట్ ఆ బ్లాకునీ (మైనంలో పొదిగిన ముక్క) స్లైడ్లనీ మా పాథాలజీ ల్యాబ్‌కి పంపారు. ఆయన అడిగింది ఒక్కటే. ఈ ఈఆర్ నెగటివ్‌ని నమ్మొచ్చా? రొమ్ము క్యాన్సర్ మెటాస్టాసిస్‌లో రిసెప్టర్లు పోవడం అరుదేమీ కాదు, కాబట్టి పాత రిపోర్టు పాజిటివ్ కదా అని కొత్తదాన్ని కొట్టిపారేయలేం. నెగటివ్ నిజమైతే హార్మోన్ మందులకి దారి మూసుకుపోయినట్టే, ఇక కీమోకి వెళ్లాలి. 58,000 ప్లేట్‌లెట్లున్న మనిషికి కీమో అంటే ఎవరికైనా టెన్షనే.

(గుర్తుపట్టే వివరాలు మార్చి, పేషెంట్ అనుమతితో రాస్తున్నాను.)

పాత బ్లాకులో ఏముంది

ముక్క పొడవు 7 మి.మీ. అందులో ఒక చివర కార్టెక్స్ (ఎముక గట్టి పై పొర). అంటే చూడ్డానికి పనికొచ్చే మజ్జ ఇంకా తక్కువ. ట్రెఫైన్ కనీసం 2 సెం.మీ. ఉండాలని అంతర్జాతీయ హెమటాలజీ ప్రామాణిక మండలి ఐసీఎస్‌హెచ్ 2008లో చెప్పింది. ప్రాసెసింగ్‌లో ముక్క దాదాపు పావు వంతు కుంచించుకుపోతుంది కాబట్టి సూదిలోంచి వచ్చేటప్పుడే పొడుగ్గా ఉండాలి. అయితే ఈ కేసులో అసలు గొడవ పొడవుతో కాదు.

హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రంగులు వేసిన) స్లైడ్ మొత్తం గులాబీ రంగులో ఉంది. ఇయోసిన్ బాగా పట్టింది, న్యూక్లియస్‌కి నీలం రంగునిచ్చే హెమటాక్సిలిన్ పట్టలేదు. న్యూక్లియస్‌లు పొగమంచులో ఉన్నట్టు బూడిదరంగులో అలికినట్టున్నాయి. లోపల క్రొమాటిన్ ఎలా ఉందో, న్యూక్లియోలస్ ఉందో లేదో తెలియడం లేదు. కణాల అంచులు ఉబ్బి ఉన్నాయి. ఎముక మాత్రం చక్కగా, గీత లేకుండా తెగింది. ఇన్నాళ్లుగా ఇలాంటి స్లైడ్లు చూస్తున్న ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది, ఈ ముక్క యాసిడ్‌లో ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపు ఉందని.

ఎముకలోని కాల్షియం తీసేస్తే తప్ప పారాఫిన్ బ్లాకులో సెక్షన్లు తెగవు. దీనికి డీకాల్సిఫికేషన్ అని పేరు, ల్యాబ్‌లో డీకాల్ అంటాం. హైడ్రోక్లోరిక్, నైట్రిక్ లాంటి బలమైన యాసిడ్లు గంటా రెండు గంటల్లో ఆ పని చేసేస్తాయి. కానీ అదే యాసిడ్ డీఎన్‌ఏలోని ప్యూరిన్ బేస్‌లని కూడా ఊడగొడుతుంది. డీఎన్‌ఏకి రంగు వేసే ఫోల్గెన్ స్టెయిన్ చేసినవాళ్లకి ఇది కొత్త కాదు. అక్కడ 60 డిగ్రీల దగ్గర హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కొన్ని నిమిషాలు ఉంచి కావాలనే ప్యూరిన్లు తీసేస్తాం. సమయం దాటితే డీఎన్‌ఏ కరిగిపోయి రంగే రాదు. డీకాల్ డబ్బాలో జరిగేది అదే రసాయన చర్య, కాకపోతే అక్కడ గడియారం చూసేవాళ్లు ఉండరు. హెమటాక్సిలిన్ పట్టకపోవడం, జన్యువుల్ని మెరిసే గుర్తులతో చూసే ఫిష్ పరీక్షలో సిగ్నల్ రాకపోవడం, పీసీఆర్ ఫెయిలవడం, అన్నిటికీ మూలం ఇదే.

ఆ ల్యాబ్‌కి ఫోన్ చేసి అడిగాం. ఫార్మలిన్‌లో ఉన్నది కొద్ది గంటలే. సాయంత్రం హైడ్రోక్లోరిక్ ఆధారిత ర్యాపిడ్ డీకాల్ ద్రావణంలో వేసి, పొద్దున తీశారు. టెక్నీషియన్ దాచకుండా చెప్పారు. దీన్ని ఒక వ్యక్తి నిర్లక్ష్యం అనడం నాకు ఇష్టం లేదు. సాయంత్రం వచ్చిన ముక్కని రాత్రంతా డీకాల్‌లో వదిలేయడం చాలా ల్యాబ్‌లలో అలవాటుగా సాగుతున్నదే. పెద్ద ఎముక ముక్కలకి పెట్టుకున్న పద్ధతిని 2 మి.మీ. లావున్న ట్రెఫైన్‌కి కూడా అలాగే వాడేస్తారు.

ఫిక్సేషన్ తక్కువ కావడం రెండో దెబ్బ. ఫార్మలిన్ కణజాలంలోకి గంటకి సుమారు 1 మి.మీ. చొప్పున దిగుతుంది, దాంతో 2 మి.మీ. ముక్కకి గంట చాలనుకుంటారు. దిగడం వేరు, ప్రొటీన్లని కట్టిపడేయడం వేరు. ఆ రెండో పని చాలా నెమ్మది. అది పూర్తికాకముందే యాసిడ్‌లో పడితే కణాన్ని కాపాడేది ఏదీ ఉండదు.

నెగటివ్‌ని ఎలా పరీక్షించాం

బ్లాక్ పాడైందని కంటితో చూసి చెప్పడం తేలికే. కానీ ఈఆర్ రిపోర్టు తప్పని చెప్పాలంటే రుజువు కావాలి. ఈఆర్ స్లైడ్‌తో పాటు పంపిన కంట్రోల్ స్లైడ్ చక్కగా పాజిటివ్‌గా ఉంది. అందుకే ఆ ల్యాబ్ వాళ్లు రిజల్ట్‌ని నమ్మారు. అయితే ఆ కంట్రోల్ మామూలు రొమ్ము కణజాలం, దానికి యాసిడ్ తగల్లేదు. యాంటీబాడీ పనిచేస్తోంది, మెషీన్ పనిచేస్తోంది అని అది చెబుతుంది. పేషెంట్ ముక్కలో యాంటిజెన్ (యాంటీబాడీ పట్టుకునే ప్రొటీన్) మిగిలిందా అన్నది అది చెప్పలేదు.

మజ్జలో ఈఆర్‌కి నమ్మదగిన ఇంటర్నల్ కంట్రోల్ లేదు. రొమ్ములోనైతే కణితి పక్కన మామూలు నాళాలు ఉంటాయి, వాటిలో ఈఆర్ కనిపిస్తే స్టెయిన్ పనిచేసినట్టే. మజ్జలో ఆ సౌకర్యం లేదు. అందుకని వేరే సాక్షులు వెతికాం. బ్లాకులో మిగిలిన కొద్ది కణజాలంలోంచి రెండు సెక్షన్లు కోసి ఒకదానికి సీడీ34, ఇంకోదానికి కీ-67 స్టెయిన్ చేశాం.

సీడీ34 ప్రతి రక్తనాళం లోపలి పొరలోనూ ఉంటుంది. ఇక్కడ కొన్ని నాళాల్లో లేతగా, కొన్నిట్లో అసలు లేకుండా వచ్చింది. అసలు విషయం కీ-67లో బయటపడింది. ఫైబ్రోసిస్ మధ్య కొద్దిగా మిగిలిన ఎరిత్రాయిడ్ కణాల గుంపులున్నాయి. ఎర్రకణాల తొలి దశలు నిత్యం విభజన చెందేవి, వాటిలో కీ-67 ఉండి తీరాలి. ఒక్క కణం కూడా పాజిటివ్ లేదు. రక్తంలోకి పచ్చి ఎర్రకణాల్ని పంపుతున్న మజ్జలో విభజన సున్నా అనేది కుదరని మాట. అంటే ఈ బ్లాకులో న్యూక్లియస్‌లో ఉండే యాంటిజెన్లు పోయాయి. ఈఆర్, పీఆర్ కూడా న్యూక్లియస్‌లో ఉండేవే. సైటోకెరటిన్ కణద్రవ్యంలో ఉంటుంది, కాస్త గట్టిది, అందుకే బలహీనంగానైనా మిగిలింది.

రిపోర్టులో ఇలా రాశాం: కార్సినోమా మెటాస్టాసిస్‌కి అనుకూలంగా ఉంది, డీకాల్ వల్ల కణజాలం దెబ్బతింది, ఈఆర్, పీఆర్ ఫలితాలను నెగటివ్‌గా తీసుకోకూడదు, తేల్చలేనివిగా భావించాలి, వీలైతే మళ్లీ బయాప్సీ. "వీలైతే" అని రాయడం తేలికే, రెండోసారి సూది పొడిపించుకునేది పేషెంట్. స్కాన్‌లో తేలిగ్గా అందే వేరే గడ్డ ఏదైనా ఉంటే దాన్నే తీయమనేవాళ్లం. ఎముకల్లో తప్ప ఎక్కడా లేదు.

రెండో బయాప్సీకి ముందు

ముక్క వచ్చాక ఆలోచిద్దాం అంటే ఈ కేసులో పని జరగదు. హెమటాలజిస్ట్‌తో ముందే మాట్లాడుకున్నాం. మా ల్యాబ్ టెక్నీషియన్ బెడ్ పక్కనే ఉండాలని అడిగాను, హెమటాలజిస్ట్ ఒప్పుకున్నారు. డ్రై ట్యాప్ వస్తుందని తెలిసినచోట ఇది తప్పనిసరి అనుకుంటాను. ఇంప్రింట్ స్లైడ్లు (తాజా ముక్కని ఆనించి తీసిన కణాల ముద్రలు) చేయడానికి దొరికేది ఒకటి రెండు నిమిషాలే. సూది పట్టుకున్న డాక్టర్‌కి ఆ సమయంలో పేషెంట్ మీద ధ్యాస ఉండాలి, స్లైడ్ల మీద కాదు.

చోటు: పోస్టీరియర్ ఇలియాక్ స్పైన్ (నడుం కింద వెనకవైపు తుంటి ఎముక), కానీ రెండో వైపు. పాత రంధ్రం దగ్గర రక్తస్రావం, మాన్పుకి సంబంధించిన ఫైబ్రోసిస్ ఉంటాయి, వాటిని జబ్బుగా పొరబడే ప్రమాదం ఉంది. ఆస్పిరేషన్ కోసం పొడిచిన చోటే ట్రెఫైన్ తీయకుండా, చర్మం మీద గాటు ఒకటే అయినా ఎముక మీద కాస్త పక్కకి జరిగి తీయాలి. లేకపోతే ముక్క మధ్యలో రక్తం మడుగు తప్ప ఏమీ ఉండదు.

ఎన్ని ముక్కలు, దేనికి ఏది అన్నది రిక్విజిషన్ ఫారం మీదే రాసి పెట్టాం. ముక్కలు రెండు. ఇంప్రింట్లు ఆ రెండిటి నుంచీ. ఒక ముక్క ఫార్మిక్ యాసిడ్‌కి, తొందరగా హెచ్ అండ్ ఈ, రెటిక్యులిన్ (మజ్జలోని సన్నటి పీచు) చూడ్డానికి. రెండోది ఈడీటీఏకి (కాల్షియాన్ని పట్టి బంధించే రసాయనం), ఐహెచ్‌సీ (యాంటీబాడీలతో ప్రొటీన్లు చూసే స్టెయిన్), ఫిష్ కోసం. అనుమానం ల్యుకేమియా మీద ఉండుంటే పంపకం వేరేగా ఉండేది. అప్పుడు ఒక ముక్కని ఫార్మలిన్ తగలనివ్వకుండా కల్చర్ మీడియంలో పంపి, అందులోంచి కణాలు విడదీసి ఫ్లో సైటోమెట్రీ, సైటోజెనెటిక్స్‌కి (కణాల రకం, క్రోమోజోములు చూసే పరీక్షలు) వాడుకోవచ్చు. కార్సినోమా ప్రశ్నకి వాటితో పని లేదు, ఉన్న కణజాలం వృథా. మైలోఫైబ్రోసిస్ కోసం జాక్2 లాంటి జన్యు పరీక్షలు రక్తంలోనే చేయొచ్చు, అది హెమటాలజిస్ట్ అప్పటికే పంపారు, నెగటివ్ వచ్చింది.

బెడ్ పక్కన

అనుకున్నట్టే ఆస్పిరేషన్‌లో సిరంజిలోకి రెండు చుక్కల రక్తం తప్ప ఏమీ రాలేదు. వాటితో కూడా స్మియర్లు చేయించాం. పార్టికల్స్ (మజ్జ తునకలు) లేని స్మియర్ అని పారేయకూడదు, చివర్న ఒక్క కణాల గుంపు ఉన్నా ఉపయోగమే. మామూలు కేసులోనైతే మొదట లాగిన పావు నుంచి అర మి.లీ. లోపు భాగమే స్మియర్లకి వాడాలి. ఎక్కువ లాగేకొద్దీ అందులో మజ్జ తగ్గి రక్తం పెరుగుతుంది. ఈడీటీఏ ట్యూబు, హెపారిన్ ట్యూబు తర్వాత నింపుకోవచ్చు. ఆ వరుస తలకిందులైతే మొత్తం పరీక్ష పలచబడిపోతుంది.

ట్రెఫైన్ ముక్కలు మొదటిది 18 మి.మీ., రెండోది 12 మి.మీ. వచ్చాయి. ముక్క మీద అంటుకున్న రక్తాన్ని ముందు ఒక స్లైడ్ మీద అద్ది తీసేశాం. అది తీయకపోతే ఇంప్రింట్‌లో ఎర్రకణాలే కనిపిస్తాయి. ఆ తర్వాత శుభ్రమైన స్లైడ్ మీద ముక్కని మెల్లగా ఆనించి ఎత్తడం, పక్కన మళ్లీ ఆనించడం. రుద్దకూడదు, లాగకూడదు. ఫోర్సెప్స్‌తో మధ్యలో పట్టి నొక్కితే ఆ భాగంలోని కణాలు నలిగి దారాల్లా అయిపోతాయి, ఇక వాటిని ఎవరూ గుర్తుపట్టలేరు. ఇంప్రింట్లు ఎప్పుడూ ఫార్మలిన్‌కి ముందే. ఒకసారి ఫిక్స్ అయిన ముక్క స్లైడ్‌కి కణాల్ని వదలదు.

స్లైడ్లు గాలికి ఆరబెట్టాక ఫార్మలిన్ సీసాలకి దూరంగా వేరే సంచిలో పెట్టాం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఎన్ని స్మియర్లని పాడుచేస్తుందో చెప్పలేను. ఫిక్స్ చేయని స్లైడ్లనీ ఫార్మలిన్ సీసానీ ఒకే కవర్లో వేసి పంపితే, మూత ఎంత బిగించినా ఆవిరి చాలు. తర్వాత గీమ్సా రంగు వేస్తే అంతా నీలం-ఆకుపచ్చ కలిసిన మసక. ఆ రంగు చూస్తే చాలు, స్లైడ్ ఎలా ప్రయాణం చేసిందో తెలిసిపోతుంది.

ముక్కలు రెండూ వేర్వేరు సీసాల్లో 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లోకి వెళ్లాయి. ద్రవం ముక్క పరిమాణానికి 20 రెట్లైనా ఉండాలి, ట్రెఫైన్‌కి అది ఏమంత కష్టం కాదు. సీసా మీద ఫార్మలిన్‌లో వేసిన సమయం రాయించాం. రొమ్ము క్యాన్సర్ రిసెప్టర్ పరీక్షలకి ఫిక్సేషన్ 6 గంటలకి తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఉండాలన్నది అమెరికా ఆంకాలజీ, పాథాలజీ సంఘాలైన ఏఎస్‌సీఓ, సీఏపీ మార్గదర్శకాల మాట. సమయం రాయకపోతే ఆ లెక్క ఎవరు వేస్తారు?

ఇంప్రింట్ చెప్పింది

కొన్ని ఇంప్రింట్లని మిథనాల్‌లో ఫిక్స్ చేసి గీమ్సా చేశాం, రెండిటిని రంగు వేయకుండా పక్కన పెట్టాం. సాయంత్రానికే జవాబు వచ్చింది. మజ్జ కణాలు బహు తక్కువ. వాటి మధ్య ఒకదానికొకటి అతుక్కున్న పెద్ద కణాల గుంపులు, మూడు నాలుగు చోట్ల గుండ్రటి అమరిక. రక్తకణాల వంశంలో ఏదీ అలా అతుక్కుని ఉండదు. కార్సినోమా అని హెమటాలజిస్ట్‌కి ఫోన్‌లో చెప్పేశాం. డీకాల్, ప్రాసెసింగ్ ఏవీ లేకుండా కణం అసలు రూపంలో కనిపించేది ఇంప్రింట్‌లోనే. అయినా చాలా చోట్ల డ్రై ట్యాప్ అనగానే "స్మియర్లు లేవు" అని రాసి వదిలేస్తారు.

రంగు వేయని రెండు స్లైడ్లు ఒక భరోసా. హెర్-2 ఫిష్ బ్లాకులో ఫెయిలైతే వాటి మీద చేయొచ్చు, వాటికి యాసిడ్ వాసనే తగల్లేదు కాబట్టి.

రెండు ముక్కలు, రెండు ద్రావణాలు

దాదాపు 18 గంటలు ఫార్మలిన్‌లో ఉంచాక ముక్కల్ని నీళ్లలో కడిగి విడదీశాం. చిన్న ముక్క 10 శాతం ఫార్మిక్ యాసిడ్, 5 శాతం ఫార్మాల్డిహైడ్ కలిపిన ద్రావణంలోకి వెళ్లింది. పగటిపూట, టైమర్ పెట్టి, ఆరు గంటలు. ఫార్మిక్ బలహీనమైన యాసిడ్, ట్రెఫైన్‌కి సమయం హద్దులో ఉంటే మంచి ఫలితమే ఇస్తుంది. రోజువారీ కేసులకి మేము వాడేది అదే. బలమైన యాసిడ్లని ట్రెఫైన్‌కి అసలు వాడకూడదన్నది నా అభిప్రాయం. ఆదా అయ్యే కొద్ది గంటలకి పోయేది చాలా ఎక్కువ.

పెద్ద ముక్క 14 శాతం ఈడీటీఏలోకి, పీహెచ్ 7.2 దగ్గర. ఈడీటీఏ యాసిడ్‌లా కాల్షియాన్ని కరిగించదు, ఎముక స్ఫటికాల పై పొరల నుంచి కాల్షియం అయాన్లని ఒక్కొక్కటిగా పట్టి బంధిస్తుంది. డీఎన్‌ఏకి, ప్రొటీన్లకి దాదాపు హాని లేదు. దాని ధర సమయం. రోజూ ద్రావణం మార్చాం, సీసాని మెల్లగా కదిలే రాకర్ మీద పెట్టాం. పూర్తి కావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు ఆంకాలజిస్ట్ ఓపిక పట్టగలిగారంటే ఇంప్రింట్ జవాబు ముందే చేతిలో ఉండబట్టే.

డీకాల్ పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి సూదితో గుచ్చి చూసే అలవాటు చాలామందికి ఉంది. ట్రెఫైన్ విషయంలో అది వద్దు, సూది చేసిన రంధ్రం సెక్షన్‌లో రంధ్రంగానే కనిపిస్తుంది. ఎక్స్-రే సౌకర్యం ఉంటే అంతకన్నా మంచిది లేదు. అమ్మోనియం ఆక్సలేట్ పరీక్ష యాసిడ్ ద్రావణాలకి బాగుంటుంది. వాడిన ద్రావణాన్ని అమ్మోనియాతో తటస్థం చేసి ఆక్సలేట్ కలిపితే తెల్లగా మబ్బు పట్టినంతకాలం ఇంకా కాల్షియం వస్తోందన్నమాట. ఈడీటీఏలో అది నేరుగా పనిచేయదు, కాల్షియం అప్పటికే బంధించి ఉంటుంది కాబట్టి మబ్బు పట్టదు, పూర్తయిందని మోసపోతాం. మేము గ్లవ్స్ వేసుకున్న వేళ్లతో ముక్క చివర్లు పట్టి కాస్త వంచి చూశాం.

ఈ పెద్ద ముక్కతో పాటు ఇంకో చిన్న కణజాలాన్ని కూడా అదే ఈడీటీఏలో అంతే సమయం ఉంచాం. ఈఆర్ పాజిటివ్ అని ముందే తెలిసిన రొమ్ము కణజాలం అది, మా కంట్రోల్ నిల్వలోది. పేషెంట్ ముక్క పడిన కష్టమంతా కంట్రోల్ కూడా పడితేనే దాని మాటకి విలువ. మొదటి ల్యాబ్‌లో లేనిది సరిగ్గా ఇదే.

ఈడీటీఏ తర్వాత కుళాయి నీళ్లలో బాగా కడగాలి. ఇది ఆల్కహాల్‌లో కరగదు. కడగకుండా ప్రాసెసర్‌లో వేస్తే ముక్కలోనే స్ఫటికాలు పేరుకుంటాయి.

కోత

ఎంబెడింగ్‌లో ముక్క మొత్తం ఒకే మట్టంలో పడుకోవాలి. ఒక చివర లేస్తే, ఆ చివర బ్లేడుకి అందేసరికి రెండో చివర అయిపోతుంది. ముక్కని బ్లేడు అంచుకి కాస్త ఏటవాలుగా పెట్టించాను, ఎముక అంతా ఒక్కసారిగా బ్లేడుకి తగలకుండా.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది ట్రిమ్మింగ్‌లో. ముక్క లావు 2 మి.మీ. కూడా ఉండదు. పెద్ద బ్లాకుల అలవాటుతో మందంగా చెక్కేస్తే సగం కణజాలం చెత్తబుట్టలో పడుతుంది. ముక్క పూర్తి పొడవు కనిపించిన క్షణంలో ఆగి, అక్కడి నుంచి 3 మైక్రాన్ల సెక్షన్లే కోయమని టెక్నీషియన్‌కి చెప్పాను. ఒక సెక్షన్ కూడా పారేయకుండా వరసగా నంబర్లు వేసి ఛార్జ్డ్ (కణజాలం గట్టిగా అతుక్కునే) స్లైడ్ల మీద ఎత్తారు. మామూలు స్లైడ్ల మీద ఎముక సెక్షన్లు యాంటిజెన్ రిట్రీవల్ (యాంటిజెన్‌ని తిరిగి బయటపెట్టే దశ) వేడికి లేచి కొట్టుకుపోతాయి.

ఫార్మిక్ ముక్క బ్లాకులో ఒక చోట బ్లేడు గీత పడింది, లోపల కొద్దిగా గట్టిదనం మిగిలిందన్నమాట. ఇలాంటప్పుడు బ్లాక్ ముఖాన్ని కాసేపు యాసిడ్‌లో ఆనించి కోయడం మామూలు. ఆ బ్లాకు మీద రెటిక్యులిన్, హెచ్ అండ్ ఈ మాత్రమే ముఖ్యం కాబట్టి అలాగే చేశాం. ఈడీటీఏ బ్లాకులో అదే సమస్య వచ్చి ఉంటే చేయనిచ్చేవాణ్ని కాదు. పై సెక్షన్లలోనే ఐహెచ్‌సీ చేయాలి, వాటికే యాసిడ్ తగిలించడంలో అర్థం లేదు.

ఫలితం

ఫార్మిక్ ముక్కలో మజ్జ చాలావరకు ఫైబ్రోసిస్‌తో నిండి, మధ్య మధ్య కార్సినోమా గుంపులు, తీగలు. న్యూక్లియస్‌లు స్పష్టంగా ఉన్నాయి. రెటిక్యులిన్ దట్టంగా పెరిగింది, ట్రైక్రోమ్ స్టెయిన్‌లో కొల్లాజెన్ కూడా కనిపించింది. ఆస్పిరేషన్‌లో ఏమీ రాకపోవడానికి కారణం అదే. ఇనుము నిల్వ చూసే పెర్ల్స్ స్టెయిన్ అడిగారు గానీ చేయలేదు. యాసిడ్‌లో ఇనుము కరిగిపోతుంది, నెగటివ్ వస్తే దానికి అర్థం ఉండదు.

ఈడీటీఏ ముక్కలో సైటోకెరటిన్, గాటా3 (రొమ్ము క్యాన్సర్‌ని సూచించే గుర్తు) పాజిటివ్. ముందుగా సాక్షుల్ని చూశాం: సీడీ34 ప్రతి నాళంలోనూ ఉంది, ఎరిత్రాయిడ్ కణాల్లో కీ-67 నిండుగా ఉంది, కలిపి డీకాల్ చేసిన కంట్రోల్‌లో ఈఆర్ బలంగా ఉంది. ఆ తర్వాతే కణితి వైపు చూశాం. ఈఆర్ దాదాపు 80 శాతం న్యూక్లియస్‌లలో బలంగా, పీఆర్ 20 శాతంలో. హెర్-2 ఐహెచ్‌సీలో 2+, అంటే తేలనిది. ఫిష్ అదే బ్లాకు మీద చేశాం, సిగ్నళ్లు లెక్కపెట్టడానికి వీలుగా స్పష్టంగా వచ్చాయి, యాంప్లిఫికేషన్ లేదు, అంటే హెర్-2 నెగటివే. ఇంప్రింట్ స్లైడ్లు తీయాల్సిన అవసరం రాలేదు.

తెలుసుకుందామని ఫార్మిక్ ముక్క మీద కూడా ఈఆర్ చేసి చూశాం. పాజిటివే, కానీ రంగు లేత, శాతమూ తక్కువ. ఈ కేసులో ఈఆర్ అంత బలంగా ఉంది కాబట్టి ఫార్మిక్ తర్వాత కూడా నిలిచింది. 5, 10 శాతం దగ్గర ఊగిసలాడే కణితి అయ్యుంటే అదే ఫార్మిక్ దాన్ని నెగటివ్ గీత కిందికి నెట్టేసేదేమో. అందుకే రిసెప్టర్ ప్రశ్న ఉన్న ఏ ఎముక బయాప్సీకైనా ఇప్పుడు ఈడీటీఏ తప్ప వేరేది వాడనివ్వడం లేదు. రిపోర్టులో కూడా ఫిక్సేషన్ ఎన్ని గంటలు, డీకాల్ దేనితో, ఎంతసేపు అన్న ఒక వరుస చేర్చాం. చదివే ఆంకాలజిస్ట్‌కి నెగటివ్‌ని ఎంతవరకు నమ్మాలో ఆ వరుస చెబుతుంది.

పేషెంట్‌కి హార్మోన్ చికిత్స మొదలుపెట్టారు. కొన్ని నెలల్లో రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గింది, ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి.

తర్వాత కొంతకాలానికి ఆంకాలజిస్ట్ పిక్3సీఏ అనే జన్యువులో మ్యుటేషన్ పరీక్షకి కణజాలం మిగిలిందా అని అడిగారు. నంబర్లు వేసి దాచిన రంగు వేయని సెక్షన్లు ఉన్నాయి. ఈడీటీఏ బ్లాకువి మాత్రమే పంపాం, కణితి ఎక్కువగా ఉన్న చోటుని హెచ్ అండ్ ఈ స్లైడ్ మీద పెన్నుతో చుట్టి మరీ. డీఎన్‌ఏ సరిపోయింది, రిపోర్టు వచ్చింది. ఇంకోసారి సూది పొడవాల్సిన పని పడలేదు.